పెద్దమ్మ తెలుగు వినడానికి వచ్చినవాళ్లు

మా పెద్దమ్మ తెలుగు ఎలా ఉంటుందో స్వయంగా వినాలని రాజమండ్రి నుంచి ఒకావిడ, విజయవాడ నుంచి ఒకాయన వచ్చారు. కోవిల్‌పట్టి పక్కన మా ఊళ్లో, ఆమె ఇంటి వసారాలో, నేను అరువు తెచ్చి వేసిన కుర్చీల్లో కూర్చున్నారు. ఆ ఉదయం టిఫిన్ అయ్యేదాకా మా పెద్దమ్మ వాళ్లతో ఒక్క తెలుగు ముక్క కూడా మాట్లాడలేదు.

"వాంగ, వాంగ, ఉక్కారుంగ" అంది. రండి రండి, కూర్చోండి అని. కాఫీ తెచ్చి చేతికిచ్చింది. ప్రయాణం సుఖంగా జరిగిందా, శ్రీవిల్లిపుత్తూరులో ఆండాళ్ దర్శనం తృప్తిగా అయిందా, ఈ ఎండ మీకు పడుతోందా అని అన్నీ తమిళంలోనే అడిగింది. అది కూడా మామూలు తమిళం కాదు. తాలూకా ఆఫీసు నుంచి ఎవరైనా వచ్చినప్పుడు మాత్రమే బయటికి తీసే తమిళం. మాట మాటకీ చివర మర్యాద తగిలిస్తూ, కొత్త చీర కుచ్చెళ్లు సర్దుకున్నంత జాగ్రత్తగా మాట్లాడింది.

వచ్చినవాళ్లకు తమిళం రాదు. నేను మొదట్లో పెద్దమ్మను తెలుగులోనే పలకరించి దారిలోకి తెద్దామనుకున్నాను. ఆమె నావైపు ఒక చూపు చూసింది. బడిలో పక్కవాడితో మాట్లాడుతూ దొరికిపోయినప్పుడు అయ్యవారు చూసే చూపు అది. దాంతో నేనూ తమిళంలోకి దిగిపోయాను. తెలుగింటి ఆడమనిషి తమిళంలో అడిగినదాన్ని తెలుగువాళ్లకు తెలుగులో చెప్పి, వాళ్లు తెలుగులో చెప్పినదాన్ని మళ్లీ ఆమెకు తమిళంలో చెప్పే దుబాసీ పని ప్రపంచంలో నేనొక్కణ్ణే చేసి ఉంటాను.

విజయవాడ ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఏమండీ, మీరు గ్రూపులో రాసినవన్నీ ఈవిడ మాటలేనన్నారు?"

"ఈవిడవేనండి."

"ఊఁ" అన్నాడు. నేను పాతికేళ్లు పత్రికలో పనిచేసినవాణ్ణి. కోర్టు గుమ్మాల ముందు, కలెక్టరాఫీసు మెట్ల మీద ఎన్నో ఊఁలు విన్నాను. తీర్పు రాసేసుకున్న ఊఁ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

రాజమండ్రి ఆవిడ మంచి మనిషి. "కొత్తవాళ్లం కదా, కాస్త బెరుకు తీరనివ్వండి" అంది. పెద్దమ్మకు బెరుకు అనేది పుట్టుకతోనే లేదని ఆవిడకు ఎలా చెప్పను? కాఫీ గ్లాసులు లోపల పెట్టే వంకతో నేను పెద్దమ్మ వెనకాలే వంటింట్లోకి నడిచాను.

"పెద్దమ్మా, ఏంది ఇది? అరవం మాట్లాడతా ఉండావు? వాళ్లు తెలుగోళ్లు."

"మెల్లగా అనరా" అని కసిరింది. వంటింటి గడప దాటగానే తెలుగు వచ్చేసింది. "వాళ్ల ముందర మన ఇంటి బాస మాట్లాడితే ఏమనుకుంటారు? మనల్ని గురించి ఏందో చెప్పుకుంటా ఉండారని అనుకోరా? పెద్దమనుసులు ఇంటికి వొస్తే అట్లనా చేసేది?"

"వాళ్లకు తెల్సు పెద్దమ్మా. వాళ్ల బాసా మన బాసే."

"ఏంది మన బాస? ఆ అయ్య మాట్లాడేది నాకు సగం పురియలే, అర్తమే కాలే. టీవీలో వార్తలు చదివినట్టు ఉండాది. వాళ్లు తెలుగోళ్లే అని నీకు ఎవురు చెప్పినారు?"

వాళ్లే చెప్పారు. కంప్యూటర్లో.

ఇక్కడ ఆగి వెనక్కి వెళ్లాలి. పత్రికలో మాకు నేర్పేది ఇదే. ఇల్లు కూలిందని మొదటి వాక్యంలో చెప్పి, అది ఎవరి ఇల్లో, ఎందుకు కూలిందో తర్వాత చెప్పమంటారు. ఆ కంప్యూటర్ గ్రూపులో చేరిన కొత్తలో నా కథలు కూడా ఇలాగే మొదలయ్యేవి. మొదటి వాక్యంలో చంపేసి రెండో వాక్యంలో పుట్టిస్తారేమిటండీ అని అందరూ నవ్వేవారు.

మా వాళ్లు ఎప్పుడో తరాల కిందట ఈ నల్లరేగడి నేలకు వచ్చి స్థిరపడ్డ తెలుగు రైతులు. ఎప్పుడు వచ్చారో, ఎందుకు వచ్చారో ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క రకంగా చెప్తారు. మాకు తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాష, అంతే. బడిలో తమిళం, అంగట్లో తమిళం, బస్సులో తమిళం. తెలుగును కళ్లతో చూడటం అనేది మాకు లేదు. నా తరంలో మా ఊళ్లో తెలుగు అక్షరం గుర్తుపట్టగలిగినవాడు ఒక్కడూ లేడు. నేను తమిళం చదువుకుని, తమిళ దినపత్రికలో చేరి, విరుదునగర్ ఆఫీసులో విలేకరిగా స్థిరపడ్డాను.

తొంభైల్లో నా రోజు ఇలా ఉండేది. పొద్దున కోవిల్‌పట్టిలో రైలెక్కడం, విరుదునగర్లో దిగడం, మిరపకాయల ధర, మినపప్పు ధర, నూనె ధర కనుక్కోవడం, కారియాపట్టి నుంచి మా పార్ట్‌టైం విలేకరి ఫోను చేసి వాన పడిందో లేదో చెప్తే రాసుకోవడం. అతను చాలావరకు పడలేదనే చెప్పేవాడు. మధ్యాహ్నం పరోటా. అవన్నీ కలిపి వార్తలుగా రాసి ఫ్యాక్సులో మధురైకి పంపడం. ఫ్యాక్సు పోతే సాయంకాలం రైలు, లేకపోతే చివరి బస్సు.

రెండువేల సంవత్సరం దాటాక ఆఫీసుకు కంప్యూటరు వచ్చింది. వార్తలు ఇక ఇంటర్నెట్‌లోనే పంపాలన్నారు. దాంతో మధ్యాహ్నం కాస్త ఖాళీ దొరికేది. ఒకరోజు ఏమీ తోచక ఇంగ్లీషులో తెలుగు అనే మాట కొట్టి చూశాను. తెలియని అక్షరాల పేజీలు చాలా వచ్చాయి. వాటి మధ్యలో ఒకటి మాత్రం నేను చదవగలిగేలా ఉంది. తెలుగు రాయాలనే ఉత్సాహం ఉన్నవాళ్లు కొందరు కలిసి నడిపే గ్రూపు అది. అప్పట్లో కంప్యూటర్లో తెలుగు అక్షరాలు కుదురుగా రాకపోవడం వల్ల వాళ్లంతా ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసుకుంటున్నారు.

నేను మొదటి రచన పెదవులు కదుపుతూ చదివాను. ఎవరో ఒకామె తన అత్తగారు ఊరగాయ పెట్టే వైభవం గురించి రాసింది. కూడబలుక్కుని చదువుతుంటే ఆ ఇంగ్లీషు అక్షరాల్లోంచి మా ఇంటి మాట వినిపించింది. కొన్ని మాటలు తెలియలేదు. కొన్ని వంకరగా ఉన్నాయి. కానీ "ఒలకబోసుకున్నారు" అనే మాట దగ్గర నేను పైకి నవ్వాను. పక్క టేబుల్ దగ్గర ప్రకటనలు చూసే ఆయన ఏమైందని అడిగాడు. నలభై దాటిన వయసులో మొదటిసారి నా మాతృభాషలో ఒక పేజీ చదివానని అతనికి చెప్పాలంటే చాలా చెప్పాల్సి వస్తుంది. మధురై నుంచి జోకు పంపారని చెప్పి ఊరుకున్నాను.

ఆ గ్రూపులో ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా తమ రచన పెట్టాలంటే ముందు ఇతరుల రచనలు రెండు చదివి అభిప్రాయం రాయాలి. "బాగుంది" అని రాస్తే లెక్కలోకి రాదు. ఎక్కడ బాగుందో, ఎక్కడ ఆగిపోయామో చెప్పాలి. ఈ పద్ధతి పెట్టింది రాజమండ్రి ఆవిడే. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. గ్రూపును క్లాసులాగే నడిపేది. నేను చాలా వారాలు అభిప్రాయాలు మాత్రమే రాశాను. అదొక రుచి. నా పత్రికలో నేను రాసింది ఎవరైనా చదివారో లేదో నాకు తెలిసేది కాదు, తప్పు దొర్లితే తప్ప. ఇక్కడ ఒక వాక్యం రాస్తే మర్నాటికి దాని మీద వాదించేవాళ్లు ఉండేవారు. మధ్యాహ్నం పరోటా ముగించి నేను ఆఫీసుకు గబగబా నడవడం చూసి, వార్తల మీద ఎంత శ్రద్ధో అని మా బ్యూరో చీఫ్ మెచ్చుకున్నాడు కూడా.

తర్వాత రాయడం మొదలుపెట్టాను. ఏం రాయాలో వెతుక్కోవలసిన అవసరం రాలేదు. పెద్దమ్మ ఉంది. ఆమె మా అమ్మకు అక్క. మా అమ్మ పోయాక ప్రతి ఆదివారం నా భోజనం ఆమె ఇంట్లోనే. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని వారమంతా జరిగింది చెప్పేది. వాన రాకపోవడం, పత్తికి పురుగు పట్టడం, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పనికి పోయే కోడళ్ల దర్జా, తన ఎనుము మొండితనం. ఎనుము అంటే గేదె. ఆ ఎనుముతో ఆమెకు ఉన్న తగాదాలు మా ఊరి రాజకీయాల కంటే ఆసక్తిగా ఉండేవి. ఆమె అన్నది అన్నట్టుగా, ఆ తెలుగులోనే, అందులో దొర్లే తమిళంతో సహా రాసి గ్రూపులో పెట్టేవాణ్ణి.

వాళ్లకు నచ్చింది. ఈ వారం పెద్దమ్మ ఏమంటోంది అని అడిగేవాళ్లు తయారయ్యారు. డల్లాస్ నుంచి ఒకమ్మాయి, మా ఎనుముకు జ్వరం తగ్గిందా అని మెయిలు రాసింది. అదే సమయంలో గ్రూపు తరఫున ఒక పుస్తకం అచ్చు వేయాలన్న ఆలోచన వచ్చింది. తెర మీద ఉన్నవి కాగితం మీదికి రావాలి, అసలైన తెలుగు అక్షరాల్లో. ఎంచిన రచనల్లో పెద్దమ్మవి కూడా ఉన్నాయి. నాకు ఆ రోజు సంతోషంతో రైలు తప్పిపోయింది. రోజూ నా పేరు అచ్చులో చూసుకునేవాణ్ణి, నాకు అచ్చు కొత్త కాదు. కానీ మా ఇంటి మాట, బయటివాళ్లు వస్తే నోట్లోనే ఆగిపోయే మాట, పుస్తకంలో కూర్చోవడం మా వంశంలో ఎవరూ ఎరగరు.

సరిగ్గా అప్పుడు విజయవాడ ఆయన ఉత్తరంలాంటి పొడుగాటి అభిప్రాయం రాశాడు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి దిగిన మనిషి. కథ చదివితే ప్రతి వాక్యాన్నీ చెవి పెట్టి వింటాడని గ్రూపులో పేరు. ఆయన రాసిన దాని సారాంశం ఇది. ఈ కోవిల్‌పట్టి మనిషి భాష నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఒక వాక్యం చిత్తూరులో ఉంటుంది, ఇంకోటి మూడు తరాల వెనక ఉంటుంది, మధ్యలో అరవం. ఇంత కలగాపులగం ఒకే నోట్లో ఉండదు. ఎవరో హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని నిఘంటువు పక్కన పెట్టుకుని పెద్దమ్మను తయారు చేస్తున్నారు. రచన బాగుంటే బాగుందందాం. కానీ ఇది ఒక నిజమైన మనిషి మాట అని పుస్తకంలో వేయకూడదు.

నన్ను పత్రికలో చాలామంది తిట్టారు. అబద్ధం రాశానన్నారు, ఒకవైపే రాశానన్నారు. మా పెద్దమ్మ లేదని మాత్రం ఎవరూ అనలేదు. ఆయన అనుమానానికి కారణం కూడా ఉంది. అంతకుముందే ఒకతను తన బామ్మ చెప్పిన కథలంటూ ఎవరివో పాత రచనలు ఎత్తి రాసి దొరికిపోయాడు. అతన్ని గ్రూపులోంచి తీసేశారు. ఆ మంట చల్లారలేదు. రాజమండ్రి ఆవిడ నా రచనల్ని పక్కన పెట్టి, తేలేదాకా పుస్తకం పని ఆపుతున్నానని రాసింది. ఇక్కడ తేలకపోతే పుస్తకంలో చోటు పోవడమే కాదు, గ్రూపులో ముఖం కూడా చెల్లదు. పెద్దమ్మ మాట రికార్డు చేసి పంపుదామా అంటే, మా ఆఫీసు లైనులో ఒక ఫొటో పోవడానికే టీ తాగి రావాలి.

చివరికి దారి వాళ్లే చూపించారు. గ్రూపులో కొందరు కలిసి మధురై, శ్రీవిల్లిపుత్తూరు యాత్రకు వస్తున్నారు. మిగిలినవాళ్లు మధురైలో ఆగుతారు, నేనూ విజయవాడ ఆయనా దర్శనం చేసుకుని వ్యాన్‌లో మీ ఊరు వస్తాం, పెద్దమ్మగారితో ఒక గంట కూర్చుని, మధ్యాహ్నం పాంచాలంకురిచ్చి కోట చూసుకుని పోతాం అని రాజమండ్రి ఆవిడ రాసింది. నేను ఎగిరి గంతేశాను.

నా పొరపాటంతా ఆ గంతులోనే ఉంది. వాళ్లు వస్తున్నారని పెద్దమ్మకు చెప్పినప్పుడు, పెద్దపెద్దవాళ్లు, ఒకావిడ ప్రొఫెసరు, ఒకాయన బ్యాంకు ఆఫీసరు అని చెప్పాను. వాకిలి అలికించాను. కుర్చీలు తెచ్చాను. ఎనుమును కంటికి కనబడకుండా పెరటి చివర కట్టించాను. దాని కుడితి తొట్టిని, అంటే బియ్యం కడుగు, తవుడు కలిపి గొడ్లకు పెట్టే తొట్టిని, కొట్టంలోంచి తీయించి బావి పక్కకు జరిపించాను. పెద్దమ్మ పట్టుచీర కట్టుకుంది. ఇంత చేశాక ఆమె తెలుగు ఎలా మాట్లాడుతుంది? మా ఇళ్లలో మర్యాదకు తమిళం. మనవాడు కానివాడి ముందు ఇంటి భాష మాట్లాడితే, అతని ఎదురుగా గుసగుసలాడినట్టు. యాభై ఏళ్లుగా నేనూ అదే పాటిస్తున్నాను. వెనక గుమ్మంలోంచి, చెప్పకుండా, పేడ చేతులతో ఉన్నప్పుడు తీసుకురావలసినవాళ్లను ముందు వాకిట్లోంచి మేళతాళాలు ఒక్కటే తక్కువగా తీసుకొచ్చాను.

ఇక ఆ వసారాలోకి వద్దాం.

టిఫిన్ అయింది. ఇడ్లీలు, గారెలు, రెండు రకాల పచ్చళ్లు. అన్నీ తమిళంలోనే వడ్డించింది. విజయవాడ ఆయన లేచి, చేయి కడుక్కోవడానికి బావి వైపు నడిచాడు. నేను వెంట వెళ్లాను. ఆయన నావైపు తిరిగి, నాకు బాధ కలగకుండా చెప్పాలని తంటాలు పడుతున్నాడు. "చూడండి, మీ రచనలో ప్రాణం ఉంది. అది నేను కాదనను. పెద్దమ్మగారు ఉన్నారు, కళ్లారా చూశాను. కానీ భాష విషయానికి వస్తే మీరు కొంత కల్పించారని ఒప్పుకుంటే, దాన్ని కథల కింద వేసుకోవచ్చు..." అంటూ, చూడకుండా, గారెల నూనె చేతిని నేరుగా కుడితి తొట్టిలో ముంచాడు.

"ఓ అయ్యా! ఓ అయ్యా!"

పెద్దమ్మ వసారాలోంచి ఒక్క అంగలో దిగింది. పట్టుచీర మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుంది. "ఏం పని సామీ ఇది! కుడితిలో చెయ్యి కడుగుతా ఉండావే! ఎనుము తాగాల గదా! కండ్లు కానరావా నీకు? బుర్రలో ఏముండాది?"

ఆయన చేయి ముంచినవాడు ముంచినట్టే ఉండిపోయాడు. తర్వాత జరిగింది నేను ఊహించలేదు. బ్యాంకు ఆఫీసరు మాయమైపోయాడు. "చూళ్లేదమ్మా! అయినా కుడితి గోలెం బావి పక్కన పెడతారా ఎవురన్నా? గొడ్ల సావిట్లో గదా ఉండాల్సింది!" అని ఆమె కంటే గట్టిగా అరిచాడు.

"యాడ పెట్టుకుంటే నీకేమి? ఇదిగో, వీడు జరిపినాడు, పెద్దమనుసులు వొస్తారని. పెద్దమనిసి చేసే పనా ఇది?"

"పోనీలే, ఎంగిలి చెయ్యేం విషం గాదుగదా దానికి" అని ఆయన చేయి తీసి చూసుకున్నాడు, వాసన కూడా చూశాడు. "ఇదేం కుడితమ్మా, నీళ్లల్లే ఉంది! తవుడు వేశావా అసలు? ఇట్టాంటిది పోస్తే పాలేం ఇస్తది?"

మా పెద్దమ్మను ఎవరైనా ఏమైనా అనవచ్చు. ఆమె ఎనుము మేతను మాత్రం అనకూడదు.

"ఏమప్పా, మా ఎనుము పాలే ఇప్పుడు కాపీలో తాగితివే! అప్పుడు నోరు తీపి, ఇప్పుడు వొంకలు చెప్తా ఉండావా? పత్తిగింజలు నానబెట్టి, రోట్లో రుబ్బి పోస్తా ఉండాను. తెల్సా?"

"పత్తిగింజలా! ఈ ఎండలకా? వేడి చేసి చస్తది. పచ్చిమేత కోసి వెయ్యాల. మా అమ్మ పిల్లిపెసర, జనుము తప్ప వేసేది గాదు."

"యాడ నుంచి కోసేది పచ్చిమేత? నీ తలమీద మొలిసి ఉండాదా?" అంది. ఆయనకు బట్టతల. "మీది కాలవల దేశం. నీళ్లు సుమ్మా, ఊరికే వొస్తాయి. ఇక్కడ వానదేవుడు తిరిగి చూస్తే చొప్ప, చూడకుంటే అది కూడా లేదు. తెలియకుంటే నోరు మూసుకోని ఉండాల."

"నాకు తెలియదా? పదో తరగతి దాకా పాలు పితికి బడికి పోయినోణ్ణి నేను!"

"అయితే రా. వొచ్చి పితుకు, చూస్తాము."

ఇద్దరూ అలాగే అరుచుకుంటూ పెరటి చివరికి, నేను దాచి ఉంచిన ఎనుము దగ్గరికి నడిచారు. వసారాలో రాజమండ్రి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. కళ్లలో నీళ్లు వస్తున్నాయి. "ముందు అరుపులు వినబడితే ఏదో ప్రమాదమనుకున్నాను. ఇదేనా మీ పెద్దమ్మ? మీరు రాసినదాంట్లో సగం కూడా లేదే!" అంది.

"తిట్లు తీసేశానండి. గ్రూపులో ఆడవాళ్లు ఉన్నారని."

"ఎవరు తీయమన్నారు మిమ్మల్ని?" అని మాస్టారిలా గదమాయించింది.

వాళ్లు తిరిగి వచ్చేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి. ఎనుము ఆయన్ని దగ్గరికి రానివ్వలేదని పెద్దమ్మ ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఇదే సందని రాజమండ్రి ఆవిడ పెద్దమ్మను తెలుగులో పలకరించింది. ఎన్ని ఎకరాలమ్మా మీకు, పిల్లలెంతమంది అని అడిగింది. పెద్దమ్మ చటుక్కున చీర దించుకుని, నవ్వు ముఖంతో, "ఉక్కారుంగమ్మా" అని మళ్లీ తమిళం ఎత్తుకుంది. విజయవాడ ఆయనవైపు తిరిగితే తెలుగు, ఆవిడవైపు తిరిగితే తమిళం.

ఆవిడ ఊరుకునే మనిషా? ఒక నిమిషం ఆలోచించింది. మెల్లగా గొంతు సవరించుకుంది. "అన్నీ బాగున్నాయిగానీ అమ్మా, మీ గారెల్లో ఉప్పు చాలలేదు" అంది.

పెద్దమ్మ చేతులు నడుం మీదికి వెళ్లాయి.

"ఉప్పు చాలలేదా? మూడు గారెలు తింటివే! నాలుక యాడ పెట్టుకోని తింటివి తల్లీ?"

రాజమండ్రి ఆవిడ ఆనందం చూడాలి. ఏదో బహుమతి అందుకున్నట్టు నావైపు తిరిగింది. తర్వాత ఇద్దరూ గారెల పిండి రుబ్బే తీరు మీద చాలాసేపు కొట్లాడుకున్నారు. వాళ్లెందుకు వచ్చారో అప్పుడు చెప్పాను పెద్దమ్మకు. ఆమె నమ్మలేదు. "నేను మాట్లాడేది వినేదానికా రైలెక్కి వొచ్చినారు? పావం, ఊర్లో పనీ వేల ఏమీ లేదా?" అంది. అన్నాక లోపలికి వెళ్లి మా ఇంట్లోవాళ్లకు మాత్రమే తీసే పెద్ద కంచు గిన్నెల్లో మజ్జిగ తెచ్చింది. పాంచాలంకురిచ్చి కోటకు వాళ్లు పోలేదు. వ్యాను డ్రైవరు చాలాసార్లు హారన్ కొట్టి, ఇక లాభం లేదని వసారాలోనే నడుం వాల్చాడు.

ఆ వారాంతంలో విజయవాడ ఆయన గ్రూపులో రాశాడు. చాలా చిన్నగా రాశాడు, ఆయనకు అది కొత్త. కోవిల్‌పట్టి రచనల గురించి నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, పత్తిగింజల విషయంలో మాత్రం తీసుకోను అని. కింద ఒక వాక్యం చేర్చాడు. నలభై ఏళ్లుగా నేను మాట్లాడని మా ఊరి మాట ఆ పెరట్లో నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఆ తర్వాత ఆయన తన అమ్మ గురించి, ఆమె గేదెల గురించి రాయడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా బ్యాంకు మేనేజర్ల కథలు మాత్రమే రాసేవాడు. నేను ప్రతిదానికీ నియమం ప్రకారం అభిప్రాయం రాశాను. పెద్దమ్మ అభిప్రాయం కూడా అడిగి చేర్చేవాణ్ణి. ఆమెకు ఆయన పెంపకం పద్ధతులు ఒక్కటీ నచ్చలేదు.

రాజమండ్రి ఆవిడ నాకు ఒకటో తరగతి వాచకం పంపింది. తెర మీద ఇంగ్లీషు అక్షరాల కాలం అయిపోతోంది, మీరు వెనకబడకూడదు అని. యాభై ఏళ్లవాడు ఆఫీసు బల్ల మీద అ, ఆలు దిద్దడం చూసి మా వాళ్లు నవ్వారు. గ్రూపు తెలుగు అక్షరాల్లోకి మారేసరికి నేనూ తడుముకుంటూ మారాను. ఇప్పుడు ఇలా రాయగలుగుతున్నానంటే అది ఆ గ్రూపులో తిన్న చీవాట్ల ఫలితం.

పెద్దమ్మ మాటలు పుస్తకంలోకి మళ్లీ వచ్చాయి. అవి నిజమైన తెలుగేనా అనే ప్రశ్న మళ్లీ ఎవరూ వేయలేదు. అయితే ఇంకో చర్చ లేచింది. ఆ మాటలు చదివేవాళ్లకు తెలియవు కాబట్టి పుట కింద అర్థాలు వేయాలని రాజమండ్రి ఆవిడ అంది. వేస్తే ఆమె పరాయిదవుతుంది, ఒక్కటి కూడా వేయకూడదని విజయవాడ ఆయన పట్టుబట్టాడు. ఆయనే. గ్రూపు నిలువునా రెండుగా చీలింది. ఎవరు ఎటో చెప్పడం కష్టం, ఎందుకంటే వారానికొకరు అటు నుంచి ఇటు మారేవారు. నన్ను తేల్చమన్నారు. నేను పెద్దమ్మను అడిగాను.

"అర్తం వేసేదానికి నేనేమన్నా అరవంలో చెప్తినా?" అంది. అంతలోనే, "ఆ ఉప్పు చాలలేదన్న తల్లికి మాత్రం వేయిపో. ఆమెకు ఏమీ పురియదు" అంది.

ఈ రెండింట్లో ఏది జవాబో నాకు అర్థం కాలేదు. రెండూ ఉన్నవి ఉన్నట్టు గ్రూపులో పెట్టాను. ఇరుపక్షాలూ తామే గెలిచామన్నారు. పుస్తకం ఇంకా అచ్చుకు పోలేదు. ప్రూఫుల్లో పెద్దమ్మ మాటలున్న పుటల కింది భాగం ఖాళీగానే ఉంది.